గుడ్డ ముందు పోతుంది, చట్రం మిగులుతుంది: బండి మీద కప్పు చరిత్ర



మన ఊళ్లలో ఏ ఇంటి పెరట్లో చూసినా ఒక చిరిగిన బరకం కనబడుతుంది. బరకం అనండి, పరదా అనండి, పట్టా అనండి, టార్పాలిన్ అనండి, వస్తువు ఒకటే. ట్రాక్టర్ టాపు చూడండి. ఇనప పైపుల చట్రం రాయిలా ఉంటుంది, పైన గుడ్డ మాత్రం పేలికలై గాలికి కొట్టుకుంటూ ఉంటుంది. చివరికి ఏం చేస్తాం? గుడ్డతో పాటు చట్రాన్ని కూడా పాత ఇనపసామాన్ల వాడికి వేసేస్తాం.

ఈ రోజు పోస్టు ఆ గుడ్డ గురించే. కథ ఎక్కువ భాగం అమెరికాలో నడుస్తుంది. బండి మీద గుడ్డ కప్పుకొని వేల కిలోమీటర్లు పోయిన జనం అక్కడ లక్షల్లో ఉన్నారు, వాళ్ల మనవళ్లు ఇప్పటికీ ఆ గుడ్డను సొంతంగా మార్చుకుంటున్నారు. చివర్లో మన కళ్లం దగ్గరికి వద్దాం. పొడుగు పోస్టే, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఆ అమెరికా బండి సంగతి. ఆర్‌వీ అంటారు దాన్ని. చక్రాల మీద ఇల్లనుకోండి. లోపల మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, బాత్రూమ్ అన్నీ ఉంటాయి. బయట పక్క గోడకు పైన ఒక పొడుగాటి గొట్టం, దానికి చుట్టి గుడ్డ ఉంటుంది. బండి ఆపిన చోట గొట్టాన్ని ముందుకు లాగితే గుడ్డ విప్పుకుని, రెండు వైపులా రెండు చేతుల మీద పందిరిలా నిలబడుతుంది. మన ఇంటి ముందు చలువ పందిరి ఎలాగో వాళ్లకు అది అలాగ. పేరు ఆనింగ్. బండి పాతికేళ్లు నడిచినా గుడ్డ అన్నేళ్లు నిలవదు. అప్పుడు గొట్టం, చేతులు, గుడ్డ కలిపి మొత్తం సెట్టు కొత్తది పెట్టించుకోవచ్చు. చాలామంది అలా చేయరు. గుడ్డ ఒక్కటే తెప్పించుకుని, ఇంటి ముందే నిచ్చెనలు వేసుకుని ఇద్దరు ముగ్గురు కలిసి మార్చేసుకుంటారు.

ఈ పని వెనక చాలా పాత చరిత్ర ఉంది.

ఓడ నుంచి వచ్చిన పని

ఎండకు గుడ్డ కట్టే పని బాగా తెలిసినవాళ్లు మొదట్లో నావికులు. తెరచాపలు లాగడం, ముడులు వేయడం, గాలి ఎటు కొడుతుందో చూసి తాడు వదలడం వాళ్లకు రోజూ ఉన్న పనే. రోమ్ నగరంలో క్రీ.శ. 80లో కొలోసియం తెరిచినప్పుడు జనం మీద ఎండ పడకుండా పైన పెద్ద గుడ్డ పందిరి వేసేవారు. దాన్ని లాగి కట్టడానికి మిసేనమ్ రేవులోని నౌకాదళం నుంచి నావికులను తెచ్చి పెట్టుకున్నారు. అగ్నిపర్వతం కింద పూడిపోయిన పాంపే ఊళ్లో గోడల మీద ఆటల ప్రకటనలు ఇంకా కనిపిస్తాయి. వాటిలో ఎండకు తెరలు కూడా వేస్తామని ప్రత్యేకంగా రాసుకున్నారు. జనాన్ని రప్పించడానికి నీడ అంత పనికొచ్చేదన్నమాట.

టార్పాలిన్ అనే మాట కూడా ఓడల మీదే పుట్టింది. టార్ అంటే తారు. ఆ రోజుల్లో పైన్ చెట్ల నుంచి తీసిన తారును గుడ్డకు పూసి సరుకు మీద కప్పేవాళ్లు. కాన్వాస్ అనే మాటకు మూలం లాటిన్‌లో కన్నాబిస్, అంటే జనుము లాంటి నారనిచ్చే గంజాయి జాతి మొక్క. పాత ఓడల తెరచాపలు, తాళ్లు ఆ నారతోనే నేసేవారు.

ఇక్కడ మనకు సంబంధించిన ముక్క ఒకటి ఉంది. మనం పచ్చడి చేసుకునే గోంగూర మొక్క, నార తీసే గోగు, దాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు ఆ కన్నాబిస్ ఆకులా చీలి ఉంటుందని ఆ పేరు పెట్టారు. గోగునారకు ప్రపంచ వ్యాపారంలో ఉన్న పేరు బిమ్లిపటం జూట్. బిమ్లిపటం అంటే మన భీమునిపట్నమే. శ్రీకాకుళం, విజయనగరం చేలల్లో పండిన నార ఆ రేవు నుంచి ఓడలెక్కేది. చిట్టివలస, నెల్లిమర్ల గోనె మిల్లులు ఆ నేల మీద వచ్చినవే. మన తెలుగులో తెరచాప అనే మాటలోనే చాప కూర్చుని ఉంది చూడండి. మన గూడు బండ్లకు కూడా వెదురు బద్దలు వంచి పైన చాపే కప్పేవాళ్లం. చాప చివికితే చాప మార్చేవాళ్లం. బద్దలు అలాగే ఉండేవి.

ఎడ్ల బండి మీద తెల్ల గుడ్డ

అమెరికాలో 1700ల నడుమ పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లాంకాస్టర్ ప్రాంతంలో స్థిరపడ్డ జర్మన్ రైతులు ఒక పెద్ద బరువు బండిని తయారుచేశారు. అక్కడి కోనెస్టోగా లోయ పేరే దానికి పెట్టారు. అడుగు భాగం పడవలా కాస్త వంపుగా ఉండేది, ఎత్తుపల్లాల్లో సరుకు ముందుకీ వెనక్కీ జారకుండా. పైన కర్ర బద్దలు వంచి, వాటి మీద గుడ్డ.

1840ల నుంచి జనం పడమరకు వలస కట్టారు. మిస్సోరీ నుంచి ఆరెగాన్ దాకా సుమారు 3,200 కిలోమీటర్లు, నాలుగైదు నెలల ప్రయాణం. 1869లో దేశం ఆ చివర నుంచి ఈ చివర దాకా రైలు పట్టాలు కలిసేలోపు 3 లక్షలకు పైగా జనం ఆ దారుల్లో పోయారు. కోనెస్టోగా మరీ బరువని మామూలు వ్యవసాయ బండ్లనే తీసుకున్నారు. గుర్రాల కంటే ఎడ్లను ఎక్కువమంది కట్టారు. ఎద్దు ధర తక్కువ, దారి పక్క గడ్డి మేసి నడుస్తుంది, ఓర్పు ఎక్కువ. ఇది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. సినిమాల్లో అందరూ బండెక్కి కూర్చున్నట్టు చూపిస్తారు గానీ చాలామంది నడిచే పోయారు. బండిలో పిండి, ఉప్పు, పనిముట్లు, జబ్బుపడినవాళ్లు. ఆ దారులు పోయింది అక్కడి ఆదివాసీల నేలల మీద నుంచి. ఈ వలసల్లో వాళ్ల నేల చేతులు మారిపోయింది. ఆ మాట చెప్పకుండా ఈ కథ చెప్తే సగమే చెప్పినట్టు.

గడ్డి మైదానంలో దూరం నుంచి చూస్తే తెల్ల గుడ్డ కప్పిన ఈ బండ్లు తెరచాప ఓడల్లా కనిపించేవి. అందుకే వాటికి మైదానపు ఓడలని పేరొచ్చింది.

ఆ గుడ్డను చాలావరకు ఇంట్లోనే కుట్టుకునేవారు. ప్రయాణానికి ముందు చలికాలమంతా ఆడవాళ్లు కూర్చుని మందపు నూలు గుడ్డో, నార గుడ్డో కుట్టేవారు. కొందరు రెండు పొరలు వేసేవారు. లోపలి వైపు జేబులు కుట్టి చిన్న సామాను పెట్టుకునేవారు. రెండు చివర్లా తాడు దూర్చి, సంచి మూతిలా బిగించుకునేలా చేసేవారు. తర్వాత పైన అవిసె నూనె పూసేవారు. ఇది అవిసె గింజల నూనె, ఆకు కూరొండుకునే అవిసె చెట్టుది కాదు. ఈ నూనెకు ఒక గుణముంది. గాలి తగిలితే మన నువ్వుల నూనెలా జిడ్డుగా ఉండిపోదు, మెల్లగా గట్టిపడి పొరలా తయారవుతుంది. ఆ పొర మీద నీళ్లు నిలవకుండా జారిపోతాయి. అయితే ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి, మడత దగ్గర పగులుతుంది. మళ్లీ పూయాల్సిందే. ఇంకో జాగ్రత్త, పనిముట్ల పిడులకు ఇప్పటికీ ఈ నూనె వాడేవాళ్లున్నారు కాబట్టి చెప్తున్నా. అది తుడిచిన పాత గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు. పరిచి ఆరబెట్టాలి.

బద్ద విరిగితే దారి పక్క చెట్టు కొట్టి వంచుకున్నారు. గుడ్డ చిరిగితే సూది తీశారు. మూడు వేల కిలోమీటర్ల దారిలో రిపేరు షాపు ఎక్కడుంటుంది? చేతనైనవాడి పిండి పొడిగా ఉంది, చేతకానివాడి పిండి తడిసింది.

1866లో టెక్సాస్‌లో చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి ఒక సైన్యం బండిని కొని వంట బండిగా మార్చాడు. వేల పశువులను నెలల తరబడి తోలుకుపోయే కూలీలకు వంట దానిలోనే. వెనక ఒక చెక్క బీరువా, దాని తలుపు కిందికి దించితే అదే బల్ల. ఆ బల్ల మీదుగా వెనక్కి గుడ్డ లాగి రెండు గుంజలకు కట్టేవారు. వంటవాడికి నీడ, వాన రక్షణ. ఇప్పటి ఆర్‌వీ పక్క పందిరికి తాత అదే.

మోటారు వచ్చాక

1910లో పియర్స్ ఆరో కంపెనీ వెనక సీటు మంచంగా మారే కారును న్యూయార్క్‌లో చూపించింది. అది డబ్బున్నవాళ్ల సరదా. మామూలు జనం ఫోర్డ్ కారు పైకప్పుకు కాన్వాస్ అంచు కట్టి, రెండో అంచు గుంజలకు కట్టి కింద పడుకునేవారు. ఇలా తిరిగేవాళ్లు 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో ఒక సంఘం పెట్టుకున్నారు. డబ్బా తిండి తింటూ తిరుగుతారని పేరు టిన్ కాన్ టూరిస్టులు. 1930ల మొదట్లో వాలీ బయామ్ అనే ఆయన ట్రైలర్ ఇల్లు సొంతంగా ఎలా కట్టుకోవాలో ప్లాన్లు గీసి అమ్మాడు. ఆ తర్వాతే ఎయిర్‌స్ట్రీమ్ అనే పెద్ద కంపెనీ అయ్యాడు. అంటే ఈ వ్యవహారమంతా మొదలైంది సొంత చేతి పనితోనే.

ట్రైలర్ గోడకు గుడ్డ బిగించే పద్ధతి కూడా ఓడ నుంచే తెచ్చుకున్నారు. తెరచాప అంచులో లావు తాడు పెట్టి కుట్టి, ఆ అంచును స్తంభం మీది గాడిలోకి ఎక్కిస్తారు. గాడి నోరు సన్నం, లోపల వెడల్పు. కాబట్టి గుడ్డ పక్కకు జారుతుంది గానీ బయటికి ఊడి రాదు. ఆర్‌వీ గోడ మీది పట్టీ అదే పద్ధతి. మేకు లేదు, జిగురు లేదు. అందుకే గుడ్డ ఒక్కటే మార్చడం వీలైంది. ఈ గాడి గనుక లేకపోతే గుడ్డతో పాటు చట్రం కూడా పోయేది.

గుడ్డ మారింది, శత్రువు మారాడు

పాత గుడ్డకు శత్రువు తడి. నూలు, నార తడిసి ఆరకపోతే బూజు పట్టి కుళ్లిపోతాయి. 1926లో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గట్టి పీవీసీని మెత్తగా వంగేలా చేశాడు. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు పాలిస్టర్ దారం కనిపెట్టారు. పాలిస్టర్ నేతకు పీవీసీ పూత వేస్తే వినైల్ గుడ్డ. నీళ్లు దిగవు, దారం కుళ్లదు.

దాంతో తడి సమస్య చాలావరకు తీరింది, ఎండ సమస్య ముందుకొచ్చింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ లోపలి గొలుసులను తెంచుతాయి. పైకి బాగానే ఉన్నట్టుంటుంది, వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలుతుంది. 1961లో నార్త్ కరోలినాలోని గ్లెన్ రావెన్ మిల్లు సన్‌బ్రెల్లా అనే యాక్రిలిక్ గుడ్డ తెచ్చింది. దీనిలో దారం తీయకముందే ద్రవంలోనే రంగు కలుపుతారు. సంక్రాంతికి ఎద్దు కొమ్ముకు వేసిన రంగు పైపైనే ఉంటుంది, గీకితే పోతుంది. పసుపు కొమ్ము విరిస్తే లోపల కూడా పసుపే. ఈ గుడ్డ పసుపు కొమ్ము లాంటిది. ఎండకు తొందరగా వెలవదు.

చిత్రమేంటంటే గుడ్డ ఇంత గట్టిదయ్యాక ముందు పోవడం మొదలైంది కుట్టు దారం. గుడ్డ బాగానే ఉంటుంది, ఎండ తిన్న దారం పుటుక్కుమంటుంది, అతుకు విచ్చుకుంటుంది. తెలిసినవాళ్లు ముందు దారం చూసి, మళ్లీ కుట్టిస్తే సరిపోతుందా అని ఆలోచిస్తారు. రెండో చోటు, చుట్టినప్పుడు పై పొర. విప్పినప్పుడు గోడ దగ్గరుండే ఆ జానెడు గుడ్డ, చుట్టినప్పుడు అన్నిటికంటే బయట ఉంటుంది. బండి వాడినా వాడకపోయినా ఏడాది పొడుగునా ఎండలోనే. అందుకే కంపెనీలు అక్కడ మందపు పట్టీయో రేకు మూతో పెడతాయి.

మూడోది నిలిచిన నీళ్లు. 3 మీటర్ల పొడవు, మీటరు వెడల్పున సగటున 5 సెంటీమీటర్ల లోతు నీళ్లు నిలిచాయనుకోండి, 150 లీటర్లు. అంటే 75 కిలోల వడ్ల బస్తాలు రెండు గుడ్డ మీద పెట్టినట్టు. అందుకే వానొస్తే ఒక వైపు చేయి కిందికి దించి నీళ్లు పోయే వాలు ఇస్తారు.

ఎలా మారుస్తారు

చేత్తో లాగే రకం సంగతి చెప్తాను. ముందు కొలత. పందిరి సైజు అంటే రెండు చేతుల నడి నుంచి నడికి కొలిచేది. గుడ్డ దానికంటే తక్కువ వెడల్పు ఉంటుంది. ఈ తేడా తెలియక ఆర్డర్ పెడితే గుడ్డ గొట్టం దాటి పోతుంది.

తర్వాత స్ప్రింగులు. గొట్టం చివర్లలో బలమైన స్ప్రింగులుంటాయి, గుడ్డను వెనక్కి చుట్టేది అవే. గొట్టం తిరగకుండా ముందు పిన్ను వేసి బిగించాలి. అది వేయకుండా చివరి మూత విప్పితే గిర్రున తిరిగి వేళ్లు విరుగుతాయి. ఒత్తిడి వదిలేటప్పుడు ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టుకుని రాసుకుంటారు, మళ్లీ బిగించేటప్పుడు అన్ని చుట్లే తిప్పాలి కాబట్టి. మోటారుతో నడిచే రకంలో బలం చేతుల్లో ఉంటుంది, చేతులు కట్టేయకుండా ముట్టుకోకూడదు.

అప్పుడు గొట్టాన్ని చేతుల నుంచి విప్పి, ఇద్దరు చెరో నిచ్చెన ఎక్కి, గోడ గాడిలోంచి గుడ్డను పక్కకు లాగుతారు. పాతది తీశాక గాడి శుభ్రం చేసి, సబ్బు నీళ్లో సిలికాన్ స్ప్రేయో కొట్టి, గాడి మూతి దగ్గర గరుకు అంచును నునుపు చేస్తారు. ఆ చిన్న పని వదిలేస్తే కొత్త గుడ్డ ఎక్కించేటప్పుడే కోసుకుపోతుంది. కొత్త గుడ్డ ఎక్కించి, నడిమికి సరిచూసి, చివర్లలో స్క్రూలు బిగించి, స్ప్రింగులు తిప్పి, ఒకసారి చుట్టి వంకర లేదని చూసుకుంటే అయిపోయింది. పాత గుడ్డను మాత్రం ఈ చివరి పని అయ్యేదాకా పారేయరు. ఏ అంచు ఎటు, తాడు ఎక్కడ అని చూసుకోవడానికి అదే నమూనా.

ఇక మన కళ్లం దగ్గరికి

1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ తక్కువ ఒత్తిడిలో పాలిథీన్ చేసే పద్ధతి కనిపెట్టాడు. మనం హెచ్‌డీపీఈ అని పిలిచేది దాని నుంచే వచ్చింది. ఆ పట్టీలు నేసి రెండు వైపులా పూత వేసిందే ఈనాటి మన బరకం. తేలిక, చవక, నీళ్లు దిగవు. దానికీ శత్రువు ఎండే.

మనం దాన్ని ఎప్పుడు గుర్తు చేసుకుంటాం? మబ్బు పట్టాక. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఎంతమంది వడ్లు కోసి పొలంలో, రోడ్డు మీద ఉన్నాయో మనందరికీ తెలుసు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆరు నెలల కష్టానికీ ఆ రాత్రి వానకూ నడుమ ఉండేది ఆ ఒక్క గుడ్డే. దానిలో వేలెడు చిరుగు చాలు, కింద గంపెడు వడ్లు మొలకెత్తడానికి.

అందుకని ఆ బండ్లవాళ్లు రెండొందల ఏళ్లలో నేర్చుకున్నది మన పద్ధతిలో చెప్తాను.

కొనేటప్పుడు మందం ఒక్కటే చూడొద్దు, ఎండకు తట్టుకునే మందు కలిపారా అని అడగండి. హెచ్‌డీపీఈ టార్పాలిన్‌కు ఐఎస్ 7903 అనే ప్రమాణం ఉంది, ఆ గుర్తు చూడండి. నల్ల రంగు కలిపిన ప్లాస్టిక్ ఎండకు ఎక్కువ కాలం నిలుస్తుంది, కింద వేడి కూడా ఎక్కువే పుడుతుంది.

చుట్టి ట్రాక్టర్ మీదో గోడ మీదో వదిలేస్తే పై పొర ఏడాదంతా ఎండ తింటుంది. నీడలో పెట్టండి, ఎలుక చేరకుండా వేలాడదీయండి. తడిగా మడవొద్దు. ప్రతిసారీ అదే మడత మీద మడవొద్దు.

కప్పినప్పుడు నడుమ ఎత్తు ఉండాలి, నీళ్లు నిలవకూడదు. రింగు చిరిగితే తాడును గుడ్డకు నేరుగా కట్టకుండా, ఒక గులకరాయిని గుడ్డలో పెట్టి వెనక నుంచి మెడకు ముడి వేయండి. లాగుడు ఒక్క చోట పడదు, చిరుగు పెరగదు. చిన్న చిరుగులకు టార్పాలిన్ అంగళ్లలో వేడి మిషన్ మీద అతుకు వేస్తారు. అడిగి వేయించుకోండి.

ట్రాక్టర్ టాపు గుడ్డ పోతే చట్రం అమ్మొద్దు. పాత గుడ్డను కుట్లు విప్పి నేల మీద పరవండి. అది సాగి ఉంటుంది కాబట్టి చట్రాన్ని కూడా టేపుతో కొలవండి. రెండూ చూసి కొత్తది కోయించి, ఎండకు తట్టుకునే పాలిస్టర్ దారంతో కుట్టించండి. సీట్లు కుట్టే టైలర్ ఎవరైనా ఈ పని చేస్తారు.

పని మొత్తం కోతలకు నెల ముందే పెట్టుకోండి. ఈ ఆదివారం ఇంట్లో ఉన్న బరకాలన్నీ ఎండలో విప్పి, ఒకరు కిందికి దూరి పైకి చూడండి. వెలుగు చుక్కలు ఎక్కడ కనిపిస్తే అక్కడ సుద్దతో గుండ్రంగా గీత పెట్టండి. వాన కారేది ఆ చోట్లలోనే.

మీ వైపు దీన్ని ఏమంటారు, చిరుగు పడితే ఏం చేస్తారు, కింద రాయండి. ఎవరికైనా మంచి ఉపాయం తెలిస్తే అందరికీ పనికొస్తుంది.